రణభూమిలో వైద్యకాయకము

ఫిరంగిదళము వెంట యుద్ధభూమికి పోవు వైద్యుడు చేయు పని ఎట్టిది? గాయపడినవానిని బ్రదికించుట దయాకార్యము. ఇందు ఎవ్వరికిని సందేహము లేదు. కాని ఆ బ్రదికినవాడు కోలుకొని మరల ఫిరంగియొద్ద నిలిచి గుండు ప్రేల్చినచో, ఆ గుండు తగిలి పది మైళ్ల దూరమున ఎవరో ప్రాణము విడిచినచో, ఆ చావులో వైద్యునకు పాలు కలదా, లేదా? ఇది తర్కము నేర్చుకొనువారి కాలక్షేపమునకు పుట్టిన ప్రశ్న కాదు. లింగాయత కుటుంబములనుండి సైన్యమునకును, నౌకాదళమునకును, సైనిక వైద్యశాలలకును పోవు యువకులు, యువతులు కలరు. మెడలో ఇష్టలింగము ధరించి, చీమకైన హాని చేయరాదని వినుచు పెరిగిన బిడ్డ రణరంగ వైద్యమునకు పోయెదనన్నప్పుడు తల్లిదండ్రులు మఠమునకు వచ్చి స్వామివారిని అడుగునది ఇదియే. అంతయు శివేచ్ఛ అని చెప్పి విభూతి ఇచ్చి పంపుట సులభము. అట్లు పంపినచో వారు వచ్చిన పని కాలేదన్నమాట.

విశాఖపట్టణవాసులకు ఈ ప్రశ్న మఱింత దగ్గరిది. ఓడరేవు 1933లో తెరువబడినది. తొమ్మిదేండ్లు నిండకమునుపే, 1942 ఏప్రిల్ 6వ తేదీన, జపాను విమానములు ఆ రేవుపై బాంబులు వేసినవి. జనులు మూటముల్లె సర్దుకొని పల్లెలకు తరలిపోయిరి. 1971 జనవరి 20వ తేదీన ఉక్కు కర్మాగారమునకు ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి రేవునకు వెలుపల సముద్రగర్భమున పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ప్రేలి మునిగిపోయెను. తూర్పు నౌకాదళపు ప్రధానస్థానము ఇచ్చటనే కలదు. 1923లో ఆరంభమైన వైద్యకళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు ఇచ్చటనే కలవు. ఇనుమును కరిగించు కొలిమియు, గాయమును కుట్టు సూదియు ఒకే ఊరిలో నున్నవి. నౌకాదళమువారి వైద్యశాల పేరు 'కల్యాణి'. ఆ పేరు పెట్టినవారి మనస్సులో బసవేశ్వరుల కల్యాణపట్టణము ఉండియుండదు. అయినను శరణుల చెవికి ఆ పేరు ఊరక వినబడిపోదు.

ఫిరంగిదళపు యుద్ధము తక్కిన యుద్ధమువంటిది కాదు. కాల్బలములోని సైనికుడు శత్రువును కంటితో చూచును. ఫిరంగివాడు సాధారణముగా చూడడు. ముందున్న పరిశీలకుడు చెప్పిన లెక్కనుబట్టి కోణము సరిచేసి గుండు వదలును. అది కొండ కావలనో, నది కావలనో పడును. ఎవరిమీద పడినదో వానికి తెలియదు. అట్లే ఆవలివారి గుండ్లు వీనిమీద పడును. ఫిరంగి ప్రేలిన చోటును లెక్కించి అచ్చటికే గుండ్లు కురిపించుట శత్రువు మొదటి పని. ఇనుప తునుకలు కాళ్లను, కడుపును చీల్చును. ప్రేలుడు తాకిడికి పైకి గాయము కనబడకుండగనే ఊపిరితిత్తులు దెబ్బతినును, కర్ణభేరి పగులును. మందుగుండు అంటుకొని దేహము కాలును. శత్రువు గుండు ఒకటియు రాకున్నను, వెనుకకు తన్ను ఫిరంగి క్రింద చేతులు నలుగుట, ఏండ్ల తరబడి ఆ మ్రోతకు చెవుడు వచ్చుట కలదు. 1999 కార్గిలు యుద్ధములో భారత ఫిరంగులు సుమారు రెండున్నర లక్షల గుండ్లు ప్రేల్చినవని లెక్క చెప్పుదురు. ఆ సంఖ్య వినునప్పుడు ఆ ఫిరంగులయొద్ద నిలిచిన మనుష్యుల చెవులను గూర్చి తలచువారు అరుదు.

ఇట్టి దళమునకు ఒక రెజిమెంటుకు ఒక వైద్యాధికారి, ఆయనతో కొలదిమంది నర్సింగు సహాయకులు ఉందురు. ఫిరంగులు ఒకచోట గుమిగూడియుండవు. శత్రువు కంట పడకుండుటకై దూరదూరముగా నిలుపబడును. కావున వైద్యుడు అన్ని చోట్ల ఉండుట అసాధ్యము. తెగిన రక్తనాళము వైద్యుడు వచ్చువరకు ఆగదు. తొడలోని పెద్ద నాళము తెగినవాడు కొన్ని నిమిషములలోనే పోవును. అందుచేత ఫిరంగివారిలోనే కొందరికి కట్టు కట్టుట, బిగువుపట్టీ వేయుట, ఊపిరి ఆడునట్లు చేయుట ముందుగా నేర్పియుంచుదురు. అచ్చటినుండి రెజిమెంటు ప్రథమచికిత్సాస్థానము, పిదప క్షేత్రవైద్యశాల, ఆపైన పెద్ద వైద్యశాల: ఇట్లు మెట్టు మెట్టుగా గాయపడినవానిని వెనుకకు చేర్చుదురు. ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. గుండు నింపిన చేతులే గాయమునకు కట్టు కట్టుచున్నవి. దయకు ఒక మనుష్యుడు, హింసకు ఒక మనుష్యుడు అని విడదీయుట అచ్చట కుదరదు.

ఈ ఏర్పాటునకు మూలపురుషుడని చెప్పదగినవాడు ఫ్రెంచి వైద్యుడు లారే. 1792లో ఆయన రైను నదీ ప్రాంతపు సైన్యముతో నుండెను. ఆనాటి నియమము ప్రకారము వైద్యశకటములు పోరాటస్థలమునకు ఒక లీగు దూరమున, అనగా సుమారు మూడు మైళ్ల వెనుక, నిలువవలెను. యుద్ధము ముగిసిన పిమ్మట అవి వచ్చులోపల గాయపడినవారు అనేకులు బురదలోనే ప్రాణములు విడుచుచుండిరి. ఆ సైన్యములోనే గుఱ్ఱములు లాగు తేలిక ఫిరంగులు రణరంగమున ఇటునటు వేగముగా పరుగెత్తుట లారే చూచెను. చంపు యంత్రము అంత వేగముగా పోగలిగినప్పుడు బ్రదికించు బండి ఏల పోలేదు? అట్లు పుట్టినవే ఆయన వేగశకటములు. ఫిరంగినుండి నేర్చుకొని ఫిరంగిచే గాయపడినవారిని కాపాడెను. పదవి, హోదా చూడక ఎవరికి ప్రాణాపాయము ఎక్కువగా నున్నదో వారికే ముందు చికిత్స చేయవలెనని నియమము పెట్టినవాడును ఆయనయే. ఆ నియమమే ఈ వ్యాసములోని ప్రశ్నకు తాళపుచెవి.

ముందుగా ఆక్షేపణను పూర్తిగా వినవలెను. వైద్యుడు లేకున్నచో సైన్యము ఎక్కువకాలము పోరలేదు. గాయపడినవాడు మరల నిలువబడునను నమ్మకము లేకున్న సైనికుడు ముందుకు అడుగు వేయడు. ఏ ప్రభుత్వమును కేవలము కరుణచేతనే సైనిక వైద్యశాలలు కట్టించలేదు. బలము తరుగకుండుటకే కట్టించినది. కావున వైద్యుడు తన మనస్సులో ఏమి తలచినను, ఆయన చేయి యుద్ధయంత్రములోని ఒక చక్రమే గదా అని ఆక్షేపకులు అందురు. ఈ మాటలో సత్యము లేదనరాదు.

దీనికి కొందరు శరణులు ఇచ్చు సమాధానము ఒకటి కలదు: కాయకమే ప్రధానము, ఫలము శివార్పణము, వైద్యుడు తన పని చేయును, తక్కినది ఆయన చూడనక్కరలేదు. ఈ సమాధానము కాయకమును తక్కువచేయుచున్నది. కాయకమనగా ఏ పనియైనను కన్నులు మూసుకొని చేయుట అని కల్యాణములో ఎవ్వరును చెప్పలేదు. కాయకము సత్యశుద్ధమై యుండవలెను. ఆ సొమ్ము దాసోహమునకు పనికి రావలెను. దొంగసొమ్ముతో జంగమార్చన చేసెదనన్న ఒప్పుకొనువారు లేరు. కావున పని ఎట్టిదో విచారించుట కాయకములోనే ఒక భాగము. శరణులలో వైద్య సంగణ్ణ అను ఒకరు కలరు. పేరులోనే కాయకము నిలిచినది. రోగిని చూచి నాడి పట్టుటయే ఆయనకు పూజ. ఆ పూజకు రోగి కులమేదని అడుగు పద్ధతి శరణధర్మమునకు విరుద్ధము.

మఱియొక సంగతి కూడ దాచరానిది. బసవేశ్వరులు అడవిలో తపస్సు చేసికొన్నవారు కారు. బిజ్జలుని కొలువులో భాండారము చూచి మంత్రిపదవి వహించిరి. రాజ్యభాండారమన్నచో అందులో సైన్యపు వ్యయమును ఉండును గదా. హరళయ్య, మధువరసల బిడ్డల వివాహము కారణముగా కల్యాణము రక్తసిక్తమైనప్పుడు ఆయన కూడలసంగమమునకు తరలిరి. శరణులు ఉళవివైపు సాగిపోవుచు వెంబడించిన సైన్యముతో పోరాడిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ దారిలో గాయపడిన శరణులకు కట్టు కట్టినవారెవరో పురాణములు పేర్కొనలేదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారికి అందులోని కొన్ని కథల వీరావేశమును తెలియును. కావున వీరశైవమునకు రణము పరాయిదని చెప్పి ఈ ప్రశ్ననుండి తప్పించుకొనుటకు వీలులేదు.

ఇంక తాళపుచెవియొద్దకు రావలెను. వైద్యుడు ఎవరి సేవకుడో ఆయన మనస్సును తెరచి చూడలేము. కాని ఆయన ఎవరికి ముందు చికిత్స చేయునో కంటికి కనబడును. సైన్యబలమే ఆయన దైవమైనచో స్వల్పగాయము తగిలినవానిని ముందు చూడవలెను. వాడే రేపటికి ఫిరంగియొద్దకు పోగలవాడు. రెండు కాళ్లు పోయినవాడు ఇంక సైన్యమునకు పనికిరాడు. వానిని చివరకు చూడవలెను. లారే నియమము దీనికి సరిగా ఎదురు. ఇంక గుండు ప్రేల్చలేనివానికే మొదటి చేయి. ఈ నియమము పాటించు గడియలో వైద్యుడు యుద్ధయంత్రపు లెక్కను త్రోసివేసి మనుష్యుని లెక్కను చేపట్టుచున్నాడు. యంత్రములోని చక్రము యంత్రమునకు ఎదురు తిరుగదు గదా. ఆక్షేపణకు సమాధానము ఇచ్చట దొరకును.

లోకము ఈ మాటను శాసనముగా కూడ వ్రాసికొన్నది. 1859లో సోల్ఫెరినో యుద్ధమున వేలకొలది గాయపడినవారు దిక్కులేక పడియుండుట చూచి హెన్రీ డ్యూనాంటు చేసిన ప్రయత్నమువలన 1864లో మొదటి జెనీవా ఒడంబడిక వచ్చెను. 1949 నాటి ఒడంబడికలను భారతదేశము 1950లో ఆమోదించి, 1960లో చట్టము చేసినది. చికిత్సలో ఎవరు ముందు అనుటకు వైద్యసంబంధమైన అత్యవసరము తప్ప మఱియే కారణమును ఉండరాదని అందు కలదు. వైద్యుడు తన్నును తన రోగులను కాపాడుకొనుటకు చిన్న ఆయుధము ఉంచుకొనవచ్చును. కాని శత్రువుపై దాడిలో చేయి కలిపినచో ఎఱ్ఱసిలువ గుర్తు ఇచ్చు రక్షణ పోవును. ఫిరంగి కోణము లెక్కించుటలో ఒక్క మాట సాయము చేసినను గీత దాటినట్లే.

నియమము కలదు గనుక అంతటను పాటింపబడినదని అనుకొనరాదు. 1943లో ఉత్తర ఆఫ్రికా రణరంగమున పెన్సిలిను మందు మిక్కిలి కొరతగా నుండెను. గాయములు కుళ్లి బాధపడువారికి ఇచ్చుటా, వేశ్యాసంపర్కమువలన రోగము తెచ్చుకొన్న సైనికులకు ఇచ్చుటా అను ప్రశ్న వచ్చినప్పుడు, రెండవవారు త్వరగా కోలుకొని పోరుకు పనికివత్తురని వారికే ఇచ్చిరని వైద్యనీతిని గూర్చిన గ్రంథములు చెప్పుచున్నవి. ఆ నిర్ణయమును సమర్థించువారు నేటికిని కలరు. యుద్ధము త్వరగా ముగిసిన అందరికిని మేలు గదా అని వారి వాదము. ఆ వాదము తప్పుడు లెక్క కాకపోవచ్చును. కాని అది సేనాపతి లెక్క. వైద్యుడు ఆ లెక్క చేసిన దినమున వైద్యకాయకము విడిచినట్లే, చేతిలో మందు సీసా ఉన్నను సరే.

గాయపడినవాడు శత్రువైనచో ఈ పరీక్ష మఱింత కఠినమగును. 1971 డిసెంబరులో తూర్పున సిల్హెటు ప్రాంతమున గూర్ఖాదళములోని మేజరు ఇయాన్ కార్డోజో మందుపాతర త్రొక్కి కాలు పోగొట్టుకొనిరి. నలిగిపోయిన కాలిని తీసివేయుటకు దళపు వైద్యునియొద్ద సాధనములు లేవు. తోడివానిని నఱకుమనిన వానికి చేతులాడలేదు. తుదకు తన ఖుక్రీతో తానే నఱికికొనిరి. పిదప శస్త్రచికిత్స చేయుటకు దొరికినవాడు బందీగా చిక్కిన పాకిస్తాను వైద్యుడు, మేజరు మొహమ్మద్ బషీరు. కార్డోజో మొదట ఒప్పుకొనలేదు. శత్రువు రక్తము ఎక్కించరాదని పట్టుపట్టిరి. బషీరు చికిత్స చేసెను. కార్డోజో బ్రదికి, కొయ్యకాలుతోనే పిమ్మట ఒక బెటాలియనుకు నాయకత్వము వహించిరి. అనగా బషీరు బ్రదికించినది తన దేశముపై పోరిన అధికారిని, మరల సైన్యమున నిలువబోవు అధికారిని. ఈ వ్యాసపు మొదటి ప్రశ్నను ఆయనను అడిగి చూడవలెను. పాపమునకు పాలు లెక్క కట్టుకొని కూర్చున్నచో ఆ చేయి కదలియుండునా? చికిత్స అడిగినవానికంటె చేసినవాడే ఆ దినమున తేలికగా నున్నట్లు తోచును. రక్తమునకు దేశమున్నదని రోగి తలచెను, వైద్యుడు తలచలేదు.

కార్డోజోను ఈ కారణమున తక్కువచేయుట న్యాయము కాదు. కాలు తెగి పడియున్నవాని నోటి మాటను నీడపట్టున కూర్చుండి తూచరాదు. అయినను రక్తమునకు అంటు కలదను భావము మన ఇండ్లలోను లేకపోలేదు. వీరశైవమున పంచసూతకములు లేవు. జాతి, జనన, ప్రేత, రజస్సు, ఉచ్ఛిష్టము అను ఐదింటి అంటును లింగధారికి తగులదని శరణులు స్థాపించిరి. ఆ కాలమున అది ఎంతటి సాహసమో ఊహింపవలెను. కాని నేటి ఇండ్లలో దానిని పెండ్లి, పురుడు, చావు సందర్భములలో చెప్పుకొను ప్రత్యేకతగా చేసికొన్నాము. అది ఒక బాధ్యత అనుట మఱచితిమి. రక్తము, చీము, శవము, పరజాతి దేహము: వీనిని తాకుటకు ఏ అడ్డును లేనివాడు లింగధారి. అట్టివానికి రణరంగ వైద్యశాల కన్న తగిన చోటు ఏది? అమ్మాయి నర్సింగు చదువునకు పోయెదనన్నప్పుడు ఎవరెవరిని తాకవలసివచ్చునో అని ముఖము చిట్లించు ఇంట సూతకము ఐదు విధముల మరల వచ్చి కూర్చున్నట్లే.

ఘాజీ మునిగిన రాత్రి ప్రేలుడు ధ్వనికి విశాఖ తీరమున జనులు మేల్కొనిరి. దానిలోనివారు ఒక్కరును మిగులలేదు. తొంబదిమందికి పైగా నావికులు, వారికి వైద్యుడుండియు లేకయు ఒకటే అయ్యెను. తెల్లవారిన పిదప జాలరులకు సముద్రముపై తేలిన శిథిలములు దొరకినవి. పట్టణము సంతోషించెను, విక్రాంతునకు వచ్చిన గండము తప్పినది, రేవు నిలిచినది, సంతోషము సహజమే. సముద్రతీరమున విజయస్మారకము 1996లో వెలసినది. దానిని చూడవచ్చు పిల్లలకు ఉపాధ్యాయులు ఘాజీ కథ చెప్పుదురు. లోపలివారిని గూర్చి చెప్పుట తక్కువ. 2024లో నౌకాదళమువారు తమ రక్షణ జలయానముతో ఆ శిథిలమును కనుగొని, మృతులయెడ గౌరవముతో దానిని తాకక విడిచిరని వార్త వచ్చెను. బ్రదికియున్న శత్రువునకు మందు, మరణించిన శత్రువునకు మర్యాద. రెండింటికిని వేరు ఒకటే.

పూర్తిగా చిక్కు లేని వైద్యమును ఒకటి కలదు. కొరియా యుద్ధమునకు 1950లో భారతదేశము పోరు సైన్యమును పంపలేదు. కర్నలు రంగరాజ్ నాయకత్వమున 60వ పారాచ్యూటు ఫీల్డ్ ఆంబులెన్సును మాత్రమే పంపినది. వారు సైనికులకే కాక కొరియా ప్రజలకును చికిత్స చేసిరి. అట్టి అవకాశము దొరకినవానికి పై ప్రశ్న చాలవరకు తగులదు. కాని దళము వెంట పోవు వైద్యునకు ఆ సౌకర్యము లేదు. ఆయన తినునది ఆ దళపు అన్నమే. ఆ ఫిరంగులే ఆయనకు రాత్రి కాపలా. తన చేతులు పూర్తిగా శుభ్రమని ఆయన చెప్పుకొనలేడు. చెప్పుకొనవలసిన అవసరమును లేదు. దాసోహము చేయువాడు తాను పరిశుద్ధుడనని ముందు నిరూపించుకొని పిదప వడ్డించుటకు రాడు.

లారే నియమమున కూడ తీరని ముడి ఒకటి మిగులును. ఒకేసారి ఇరువదిమంది గాయపడినప్పుడు, చేయి ఒక్కటే ఉన్నప్పుడు, ఎట్లును బ్రదుకడని తోచినవానిని పక్కకు పెట్టి బ్రదుకగలవానిని చూడవలసివచ్చును. ఇది హోదాచూపు కాదు, సైన్యపు లెక్క కాదు. అయినను ఒక మనుష్యుని చూచి ముఖము త్రిప్పుకొనుటయే. దీనికి శాస్త్రము సమ్మతించినది. మనస్సు సమ్మతించినట్లు తోచదు, సమ్మతింపకుండుటయే మేలు కావచ్చును. పక్కకు పెట్టినవానికి మందు లేకపోవచ్చును గాని మనిషి లేకపోరాదు. దప్పికకు పెదవి తడుపుట, చేయి పట్టుకొని కూర్చుండుట, వాడు చెప్పు ఊరి పేరు వినుట, ఇవి చేయుటకు వైద్యవిద్య అక్కరలేదు. ఫిరంగియొద్దినుండి వచ్చిన వంటవాడైనను చేయవచ్చును.

అట్లు కూర్చున్నవాడు ఏ మతమువాడైనను తెలిసికొనవలసినది ఒక చిన్న సంగతి కలదు; మఠములు సైనిక కుటుంబములకు చెప్పి పంపదగినది. గాయము చూచుటకై బట్టలు కత్తిరించునప్పుడు మెడలోని శివదారమును తెగవచ్చును. రొమ్ముమీది గాయమైనచో తెగక తప్పదు. లింగము దేహమునుండి వీడినచో బ్రదుకరాదను కఠినపు మాట కొన్ని ఇండ్లలో నేటికిని వినబడుచున్నది. ఆ మాట తలకెక్కిన బిడ్డ రక్తము పోవుచుండగా వైద్యుని చేయి అడ్డుకొనును. ఇంటినుండి పయనమగునాడే పెద్దలు చెప్పి పంపవలెను: కత్తిరింపనిమ్ము, లింగమును నీ అరచేత పెట్టి గుడ్డతో కట్టుమని అడుగుము, చేయి లేకున్న నుదుటిపై కట్టుమనుము. గురువు ఇష్టలింగమును మొదట పెట్టినదియు ఆ అరచేతనే గదా.